ఏసీఎల్ గాయం తర్వాత తొడ బలహీనత: వాడకపోవడం వల్లనా, నాడులు అడ్డుపడటం వల్లనా?

కబడ్డీ_కూత:
కబడ్డీలో పడి ఎడమ మోకాలి ఏసీఎల్ (కీలు లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే స్నాయువు) తెగింది. ఆపరేషన్ జరిగి ఐదు నెలలైంది. చిప్పకు జానెడు పైన టేపుతో కొలిస్తే ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు సన్నబడింది, మెట్లు దిగుతుంటే మోకాలు పట్టు తప్పుతోంది. కాలిని సరిగా వాడకపోవడమే కారణమనీ, బాగా నడిస్తే బలం అదే వస్తుందనీ మా కోచ్ గారంటున్నారు. వ్యాయామం ఒక్క రోజు కూడా మానని నాకు ఆ మాట బాధ కలిగించింది.

ఫిజియో_తొడబలం:
కోచ్ గారి మాటతో నేను ఏకీభవించను. వాడకపోతే కండరం కరుగుతుందన్నది నిజమే కానీ, గాయమైన కొద్ది రోజులకే తొడ బిగించలేకపోవడానికి ఆ ఒక్క కారణం చాలదు. కీలులో నీరు చేరినప్పుడు అక్కడి నాడుల నుంచి వెళ్లే సంకేతాలు మారి, తొడ ముందు కండరానికి అందవలసిన ఆజ్ఞను వెన్నుపాములోనే అణచివేస్తాయి. గాయం లేని మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చూసిన 1984 నాటి పరిశోధనలో 20-30 మిల్లీలీటర్లకే, అంటే నాలుగు నుంచి ఆరు టీ చెంచాలకే, తొడ లోపలివైపు కండరం స్పందన తగ్గింది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి అదమమంటే పళ్లు బిగించి ప్రయత్నించేవారిని రోజూ చూస్తాను: పిరుదు బిగుస్తుంది, మడమ మంచాన్ని నొక్కుతుంది, చిప్ప మాత్రం కదలదు. అలాంటివారిని బద్ధకస్తులనడం అన్యాయం. ముందు వాపు తగ్గించి, విద్యుత్ ప్రేరణతో ఆ కండరాన్ని మేల్కొల్పాలి.

మైదానం_మిత్రుడు:
మొదటి వారాలకు మీ వాదన ఒప్పుకుంటాను. ఐదో నెలలో కూడా నాడులనే తప్పుపడితే, అసలు బరువే మోపని లోపం మరుగున పడుతుంది. నడకతో తొడ బలం తిరిగి రాదు. గ్రాఫ్ట్ (తెగిన ఏసీఎల్ స్థానంలో ఆపరేషన్లో అమర్చిన స్నాయువు) సాగుతుందన్న భయంతో, కూర్చుని బరువుకు ఎదురుగా మోకాలు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా మాన్పించేవారే మన దగ్గర ఎక్కువ. నార్వే క్రీడాకారులపై 2016లో వెలువడిన పరిశోధనలో, తొమ్మిది నెలల వరకు ఆట వాయిదా పడిన ప్రతి నెలకూ మళ్లీ గాయమయ్యే అవకాశం సుమారు సగం తగ్గింది. తొడ బలం రెండు కాళ్లలో సమానమైనవారికి ముప్పు మరింత తక్కువ. కనుక టేపు పక్కనపెట్టి యంత్రంపై రెండు కాళ్ల బలం కొలిపించి పోల్చుకోండి. గాయం లేని కాలు కూడా కొంత బలహీనపడుతుంది కాబట్టి ఆ పోలికను సైతం పూర్తిగా నమ్మలేం.

ఫిజియో_తొడబలం:
బరువు పెంచాలన్న మాట నాకూ సమ్మతమే. కానీ నీరు ఉండగా పెంచితే పిరుదు, పిక్క ఆ పని చేసిపెడతాయి, తొడ అలాగే ఉండిపోతుంది.

కబడ్డీ_కూత:
ఇప్పుడే తువ్వాలు పెట్టి చూశాను. కుడి చిప్ప పైకి చక్కగా జరుగుతోంది, ఎడమది వణికి ఆగిపోతోంది. చిప్ప పక్కన వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉబ్బినట్టు తగులుతోంది. రేపు సర్జన్ గారికి ముందుగా ఆ వాపే చూపిస్తాను.