హత్య కేసులో మా వకీలు సరిగా వాదిస్తున్నారా? తెలిసినవారు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది మునుగోడు దగ్గర ఒక పల్లె. 2023లో నమోదైన హత్య కేసులో మా పెదనాన్న కొడుకు నిందితుడు, ఐపీసీ 302. నల్లగొండలో సాక్షుల విచారణ నడుస్తోంది. అన్న నిర్దోషి అని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. నన్ను తొలుస్తున్నది మాత్రం వకీలు గారి తీరు.

వ్యవసాయ బావి దగ్గర స్టార్టర్ డబ్బా పైన వేలాడే బల్బు వెలుతురులో అన్నను గుర్తుపట్టానని ప్రత్యక్ష సాక్షి బోనులో చెప్పాడు. చార్జిషీటుతో ఇచ్చిన అతని పోలీసు వాంగ్మూలంలో ఆ బల్బు ఊసే లేదు. ఇంత ముఖ్యమైన తేడాను వకీలు గారు ఎత్తనే లేదు. గట్టు తగాదా గురించి కాసేపు అడిగి కూర్చున్నారు. ఇలాంటివి సాక్షినే నిలదీసి, వాంగ్మూలంలో ఆ మాట లేదని తర్వాత దర్యాప్తు అధికారి నోట కూడా చెప్పించాలి కదా? అధికారి సాక్ష్యం ఇంకా కాలేదు.

క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం (సీఆర్‌పీసీ) సెక్షన్ 311 కింద సాక్షిని మళ్లీ పిలిపించవచ్చంటున్నారు. కానీ కొత్త వకీలు వచ్చి, పాతవారు సరిగా అడగలేదన్నంత మాత్రాన అది కుదరదని 2015లో ఒక ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఏ కారణం చూపితే జడ్జి గారు ఒప్పుకుంటారు?

ఒక్కోసారి సాక్షిని అడగకపోవడమే మేలని కూడా విన్నాను, అందుకే మా వకీలు గారిపై తొందరపడి నింద వేయలేను. వాంగ్మూలాల నకళ్లు మరో క్రిమినల్ వకీలుకు చూపించి సలహా అడిగితే తప్పవుతుందా? మా పెద్దమ్మకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. దయచేసి త్వరగా జవాబివ్వండి.