అప్‌డేట్: 41 ఏళ్ల వయసులో వయొలిన్ పాఠాలు, 6 నెలల తర్వాత

ఏడాదిగా వీడియోలు చూసి సొంతంగా వాయిస్తున్నానని, ఎడమ భుజం నొప్పి, కీచు శబ్దం వదలడం లేదని, ఈ వయసులో టీచరు దగ్గర చేరవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చేరాను. వారానికి ఒక పాఠం.

మొదటి రోజు టీచరు ఒక్క స్వరం కూడా వాయించనివ్వలేదు. షోల్డర్ రెస్ట్ (భుజం మీద ఆనేలా వయొలిన్ కింద తగిలించే ఆధారం) ఎత్తు నా మెడకు చాలడం లేదట. ఆ లోటు పూడ్చడానికి నేను భుజం పైకెత్తి ఉంచుతున్నాను. ఎత్తు సరిచేశాక మూడు వారాల్లో నొప్పి తగ్గింది. ఇక కీచు శబ్దం: కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కముక్కకు) సమాంతరంగా సాగకుండా, వేళ్లతో తీగలు నొక్కే పలక వైపు జారుతోంది. అద్దం ముందు, వేలు నొక్కకుండా ఖాళీ తీగల మీద రోజూ పది నిమిషాలు సాధన. చాలావరకు పోయింది.

అన్నిటికన్నా నచ్చింది ఇది. డి తీగ మీద మూడో వేలు కచ్చితంగా జి స్వరం మీద పడితే, అదే స్వరానికి శ్రుతి చేసిన, నేను ముట్టుకోని జి తీగ దానంతట అదే కంపిస్తుంది. వేలు కాస్త పక్కకు పడితే కదలదు. మొదటిసారి ఆ తీగ సన్నగా వణకడం చూసి కళ్లు చెమర్చాయి. ఇప్పుడు ట్యూనర్ (శ్రుతి సరిగ్గా ఉందో చూపే పరికరం) వైపు చూడటమే మానేశాను.

పిల్లల గురించి అడిగినవారికి: మా ఎనిమిదేళ్ల పాప కూడా చేరింది. ఎలాగూ పెరుగుతుంది కదా అని పెద్ద వయొలిన్ కొనబోతే టీచరు ఆపారు. చేయి చాపితే వయొలిన్ తల అరచేతిలో ఇమడాలట. చిన్నది అద్దెకు తెచ్చాం.

విబ్రాటో (వేలిని ఊపుతూ స్వరాన్ని కంపింపజేయడం) ఇంకా మొదలుపెట్టలేదు.