ఆగస్టు క్యాంపు: వాలంటీర్ల ప్లానింగ్ (అందరూ చివరిదాకా చదవండి)

క్యాంపు కోఆర్డినేటర్:

అందరికీ నమస్కారం. ఆటిజం ఉన్న పిల్లల కోసం, నలుగురిలో కలవడానికి ఇబ్బంది పడే పిల్లల కోసం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన అసోసియేషన్ పెడుతున్న వేసవి క్యాంపు పనులన్నీ ఇక ఇక్కడే మాట్లాడుకుందాం. ఆగస్టు మూడో వారం, సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 9 నుంచి 12:30 వరకు. ఆ వారమే ఎందుకంటే, ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూల్ వాళ్ళు రాసిచ్చే చదువు ప్రణాళిక) ఉన్న పిల్లల్లో చాలామందికి జులైలో స్కూల్ వాళ్ళ వేసవి తరగతులుంటాయి. అవి అయిపోయాక సెప్టెంబర్‌లో స్కూల్ తెరిచేదాకా ఇంట్లోనే. రోజూ జరిగేది ఒక్కసారిగా ఆగిపోతే ఆ పిల్లలకి ఎంత కష్టమో, అమ్మానాన్నలకి ఎంత టెన్షనో అనుభవించే వాళ్ళకే తెలుసు.

నేనీ క్యాంపు కోసం ఎందుకింత పట్టుబట్టానో కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా చెల్లి కొడుకుని ఒకచోట ఉగాది వేడుకకి తీసుకెళ్ళాం. వాడికప్పుడు ఆరేళ్ళు. మాకు స్పీకర్ పక్కనే సీట్లు దొరికాయి. డప్పు మొదలవగానే వాడు చెవులు మూసుకుని కుర్చీ కింద దూరాడు. "పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్ళండమ్మా" అని వెనక వరస నుంచి ఎవరో అన్నారు. తీసుకెళ్ళాం. పండగ పూట పచ్చడైనా నోట్లో పెట్టకుండా పార్కింగ్ లాట్‌లో, కారులో కూర్చున్నాం. మా చెల్లి ఆ తర్వాత ఏ తెలుగు ఫంక్షన్‌కీ రాలేదు. మన క్యాంపులో ఏ తల్లీ అలా తల దించుకుని బయటికి నడవకూడదు. ఏ ఏర్పాటైనా దాని తర్వాతే.

స్థలం సంగతి. రూజ్‌వెల్ట్ పార్క్ అయితే బాగుంటుందని చాలామంది అన్నారు. బాగుంటుంది, కానీ అక్కడ చెరువుంది. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవడానికి ప్రయత్నించారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే ఇష్టం, అందుకే తప్పిపోయినప్పుడు మునిగిపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి హాలే తీసుకుందాం. ఆడుకోవడానికి వెనక కంచె ఉన్న గ్రౌండ్ చాలు.

ఇక మనుషుల లెక్క. ఇప్పటికి 14 మంది పిల్లల పేర్లు వచ్చాయి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం, ఎప్పుడూ పక్కనే ఉండాల్సిన పిల్లలకి ఒక్కొక్కరికి ఒకరు, దగ్గర్నుంచి కనిపెట్టుకోవాల్సిన వాళ్ళకి ఇద్దరికి ఒకరు, అప్పుడప్పుడు సాయం చాలనుకునే వాళ్ళకి నలుగురికి ఒకరు ఉండాలి. తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడి చూస్తే మనకి 4, 6, 4 అని తేలింది. అంటే 8 మంది పెద్దవాళ్ళు కావాలి. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి మార్చుకోవాలి కాబట్టి మరో ఇద్దరు. తలుపు దగ్గర విడిగా ఒకరు. పద్దెనిమిది దాటిన ప్రతి వాలంటీర్‌కీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఎంత తెలిసినవాళ్ళైనా సరే.

వంట టీమ్ అక్క:

మధ్యలో స్నాక్ ఏం పెట్టమంటారు? మొదటి రోజు పులిహోర, దద్దోజనం చేద్దామనుకుంటున్నాం.

కోఆర్డినేటర్:

అక్కా, మీ పులిహోర వాలంటీర్లకి తప్పకుండా కావాలి. పిల్లలకి మాత్రం ఇంటి నుంచి వచ్చిన డబ్బానే. ఒక బాబు తెల్లన్నం తప్ప ముట్టడు, అందులో ఆవగింజ కనిపించినా పళ్ళెం తోసేస్తాడు. ఇంకో పాపకి పెరుగు విడిగా, అన్నం విడిగా ఉండాలి, కలిపితే ఇక తినదు. అది మారాం కాదు. ఆ రుచి, ఆ మెత్తదనం వాళ్ళ నోటికి నిజంగానే భరించలేనట్టు ఉంటాయి. "ఒక్క ముద్ద తిను నాన్నా" అని ప్రేమగానైనా సరే, ఎవరూ బతిమాలొద్దు.

పన్నెండో తరగతి అమ్మాయి:

ఆంటీ, నేనూ నా ఫ్రెండ్స్ ముగ్గురం వస్తాం. ఎవరైనా గట్టిగా ఏడుస్తుంటే మేమేం చేయాలి?

కోఆర్డినేటర్:

రండమ్మా, మీరు ఆటల దగ్గర ఉండాలి. ఒకరితో ఒకరుగా ఉండే డ్యూటీ పెద్దవాళ్ళకే. ఏడుపు మొదలైతే చుట్టూ చేరొద్దు, ప్రశ్నలు అడగొద్దు, ముట్టుకోవద్దు. మిగతా పిల్లల్ని మెల్లగా పక్కకి తీసుకెళ్ళండి. హాలు మూల చిన్న గదిలో లైట్లు తగ్గించి పరుపు, హెడ్‌ఫోన్లు పెడుతున్నాం. అది శిక్ష గది కాదు, ఎవరికి కావాలంటే వాళ్ళు ఎంతసేపైనా ఉండొచ్చు. చేతులు ఊపడం, గుండ్రంగా తిరగడం లాంటివి ఆపమని చెప్పొద్దు. అలా చేస్తేనే వాళ్ళకి నెమ్మదిస్తుంది.

ఒక అమ్మ:

మా బాబుకి తొమ్మిదేళ్ళు. రెండు భాషలైతే కష్టపడతాడని మొదట్లో ఎవరో చెబితే ఇంట్లో తెలుగు మానేశాం. ఇప్పుడు వాళ్ళ అమ్మమ్మ ఫోన్ చేస్తే వాడు ఫోన్ వంక చూస్తాడంతే. క్యాంపులో తెలుగు మాట్లాడితే పరవాలేదా?

కోఆర్డినేటర్:

మాట్లాడదాం అమ్మా, తప్పకుండా. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి నష్టమేమీ కనిపించలేదని ఇన్నేళ్ళ పరిశోధనలు చెబుతున్నాయి. మీరు ఏ భాషలో లాలిస్తే మనసు నిండుతుందో అందులోనే మాట్లాడండి. బొమ్మల కార్డుల మీద ఇంగ్లీషు, తెలుగు రెండూ రాయిద్దాం. మాటలు రాని పిల్లలు కార్డు చూపించి అడుగుతారు, టాబ్లెట్ ఉన్నవాళ్ళు అందులో నొక్కి మాట పలికిస్తారు. టాబ్లెట్ వాళ్ళ గొంతు. అల్లరి చేశారని ఎవరూ లాక్కోవద్దు.

తెనాలి నుంచి వచ్చిన తాతగారు (మనవరాలు టైప్ చేస్తోంది):

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించాను. ఈ జబ్బు గురించి నాకేమీ తెలియదు. నేనేమైనా పనికొస్తానా?

కోఆర్డినేటర్:

తాతగారూ, ముందుగా ఒక్క మాట. ఇది జబ్బు కాదండీ, పుట్టుకతో వచ్చిన తీరు. మీరు తప్పకుండా రావాలి. కార్డుల మీద తెలుగు మీ దస్తూరీతోనే రాయించాలని ఇప్పుడే అనుకున్నాం. "నీళ్ళు", "బాత్రూమ్", "చాలు", "ఇంకా కావాలి", "అమ్మ ఎప్పుడొస్తుంది". మొత్తం నలభై కార్డులు, పెద్ద అక్షరాలు, వెనక వెల్క్రో. రోజంతా ఏం జరుగుతుందో చెప్పే కార్డులు గోడ మీద వరసగా ఉంటాయి, ఒక్కో పని అవగానే ఆ కార్డు తీసి డబ్బాలో వెయ్యాలి. తర్వాత ఏమిటో కనిపిస్తుంటే పిల్లలకి భయం తగ్గుతుంది. ఆ గోడ బాధ్యత మీదే.

ఒక నాన్న:

ఇంకొక విషయం. హాల్లో బాత్రూమ్ చూసొచ్చాను. ఫ్లష్ దానంతటదే అవుతుంది, చేతులారబెట్టే మిషన్ విమానంలా మోగుతుంది. మా అమ్మాయి ఆ రెండూ చూస్తే ఇక లోపలికి వెళ్ళదు, మధ్యాహ్నం దాకా ఆపుకుంటుంది.

కోఆర్డినేటర్:

అన్నా, ఇది నాకు తట్టనే లేదు, మంచి మాట చెప్పారు. ఫ్లష్ సెన్సర్ మీద స్టిక్కీ నోట్ అంటిస్తే ఎవరైనా కూర్చున్నప్పుడు మోగదు. లేచాక తీసేస్తే చాలు. ఆ మిషన్ ప్లగ్ తీసెయ్యమని హాలు వాళ్ళని అడుగుతాను, కాగితం టవల్స్ మనమే పెడదాం. శనివారం పొద్దున పదింటికి అందరం హాల్లో కలుద్దాం, ఖాళీ కుర్చీలతోనే ఒకసారి మొత్తం నడిచి చూద్దాం. స్టిక్కీ నోట్లు రెండు ప్యాకెట్లు నేను తెస్తాను. ఒక పెద్ద పరుపు, గడియారం ఎవరి దగ్గరైనా ఉంటే కింద చెప్పండి.