పాత చీర మీదకి ఫొటో ఎక్కించడం: ఎవరైనా చేశారా?

సూదీదారం:
అమ్మమ్మ నేత చీర ముక్క మీద ఆవిడ పెళ్లి ఫొటో ఎక్కించి, చుట్టూ ఆవిడ తాళంచెవులు, రవిక హుక్కులు, తుప్పు పట్టిన అడకత్తెర కుట్టాలని నా ప్లాన్. చీరకి యాక్రిలిక్ జెల్ మీడియం (ఆరితే పారదర్శకంగా గట్టిపడే చిక్కటి జిగురు లాంటిది) రాసి, ప్రింట్ బోర్లా అంటించి, మర్నాడు తడిపి కాగితం రుద్దాను. కాగితంతో పాటు ఆవిడ మొహం కూడా ఊడొచ్చింది. ఎక్కడ తప్పాను?

రంగులడబ్బా:
ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటా? ఆ రంగు నీళ్లకి కరిగిపోతుంది. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించండి. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడే, జెల్‌లో ఉండిపోతుంది. ముందు ఫొటోని కుడిఎడమలు తిప్పుకోండి. నేను మర్చిపోతే మా తాతయ్య కొట్టు బోర్డు అద్దంలో చూసి చదవాల్సొచ్చింది.

అడ్డపోగు:
గంజి పోయేదాకా ఉతికారా? లేకపోతే జెల్ నూలుని పట్టుకోదు. రుద్దేటప్పుడు వేలి కొసతో మెల్లగా. ఆరాక తెల్లపొర కనిపిస్తే మళ్లీ తడపండి.

సూదీదారం:
ఇంక్‌జెటే. గంజీ ఉంది. 🙈

కరక్కాయ:
అడకత్తెర సంగతి ఎవరూ ఎత్తలేదేం? కలంకారీ కోసం కరక్కాయ, గేదె పాలు పట్టించిన గుడ్డ మిగిలితే దాని మీద తుప్పు మేకులు కుట్టాను. వానాకాలం చెమ్మకి ఒక్కో మేకు చుట్టూ నల్ల మచ్చ! తర్వాత వెలిగింది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు తయారుచేసేదే అలా కదా: తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో నానేస్తే కసిమి, అది కరక్కాయ గుడ్డకి తగిలితే నలుపు. నాకు మచ్చలే నచ్చి ఉంచేశాను. మీ చీర మీదైతే ఎర్రటి తుప్పు మరకే పడుతుంది. వద్దనుకుంటే గీకి వార్నిష్ కొట్టండి.

రంగులడబ్బా:
ఊడిన ముక్క పారేయకండి. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1974లో మొదలుపెట్టిన హోర్‌ఫ్రాస్ట్ (పేరుకున్న మంచు) వరసలో పత్రికల బొమ్మలు పల్చటి గుడ్డల మీద మంచులోంచి చూసినట్టే ఉంటాయి. 1975లో ఆయన అహ్మదాబాద్ వచ్చి అక్కడి కాగితం, గుడ్డలతో పనిచేశాడు కూడా.

సూదీదారం:
పారేయలేదు. మొహం పోయినా కాసులపేరు చక్కగా దిగింది. దాని కిందే అడకత్తెర కుట్టి చూశా, బరువుకి చీర సాగుతోంది.

అడ్డపోగు:
చీరకి కుట్టకండి. వెనక కాన్వాస్ గుడ్డ వేసి, దారం దానిదాకా దిగేలా రెండు చివర్లా బిగించండి. బరువంతా అది మోస్తుంది.