మబ్బుల మధ్య సంపూర్ణ చంద్రగ్రహణం: కెమెరా సెట్టింగులు ఎలా?

ప్రశ్న: 300 మి.మీ. లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి, ట్రాకర్ (ఆకాశంలో చంద్రుడి కదలికతో పాటు కెమెరాను తిప్పే పరికరం) లేదు. ఆ రాత్రి మబ్బులు వచ్చిపోతుంటాయట. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు మోతాదు) ఎంత పెట్టుకోవాలండీ?

జవాబు 1: మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయని పూర్తి ఫైలు) తప్పనిసరి. గ్రహణం పట్టకముందు ఐఎస్‌ఓ (వెలుగుకు సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ ద్వారం కొలత; అంకె తగ్గితే వెలుగు ఎక్కువ), షట్టర్ 1/200 సెకను చాలు. పూర్తిగా ఎర్రబడ్డాక వెలుగు వేల రెట్లు పడిపోతుంది. అప్పుడు ఐఎస్‌ఓ 3200, ఎఫ్/5.6, అర సెకనుతో మొదలుపెట్టండి. షట్టర్ అంతకుమించి తెరిచి ఉంచితే చంద్రుడు జరిగి అంచులు చెదురుతాయి, కాబట్టి ఐఎస్‌ఓ పెంచడమే మేలు. పల్చటి మబ్బు అడ్డొస్తే ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచి, బ్రాకెటింగ్‌లో, అంటే ఎక్స్‌పోజర్ కాస్త మారుస్తూ, మూడేసి ఫ్రేములు తీయండి.

జవాబు 2: ఫోకస్ మాత్రం చంద్రుడు వెలుగుగా ఉండగానే కుదుర్చుకోండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద) 10 రెట్లు పెద్దది చేసి, అంచు పదునుగా కనిపించగానే రింగ్‌కు టేప్ అంటించండి. ఎర్రబడ్డాక ఆటోఫోకస్ వెతుక్కుంటూనే ఉంటుంది. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే సదుపాయం) ఆపేయండి. లెన్స్ మీద మంచు పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. హుడ్ (లెన్స్ ముందుండే గొట్టం), హీటర్ పట్టీ (లెన్స్‌ను వెచ్చగా ఉంచేది) ముందే తగిలించండి.

ప్రశ్న అడిగినవారు: మబ్బు తొలగుతుందో లేదో ముందే తెలిసేదెలా?

జవాబు 3: ఉపగ్రహ ఇన్‌ఫ్రారెడ్ చిత్రాలను వరుసగా చూసి మబ్బు ఎటు కదులుతోందో గమనించండి. కిందిస్థాయి మబ్బులు నేలంత వెచ్చగా ఉండి రాత్రిపూట ఆ చిత్రాల్లో సరిగా కనిపించవు. అందుకే ఆ చిత్రాలనే పూర్తిగా నమ్మి కెమెరా సర్దేయకండి.