దత్తత తెచ్చిన కుక్క మంచం కింద నుంచి రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
నమస్కారం. ఒక సంరక్షణ కేంద్రం నుంచి రెండేళ్ల ఆడ నాటు కుక్కను దత్తత తెచ్చుకున్నాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, దానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. అక్కడ తోక ఊపుతూ వచ్చి మా అమ్మాయి చెయ్యి నాకింది. ఇంటికి రాగానే మంచం కింద దూరింది, ఇక బయటికి రాదు. మేము చూస్తుండగా ఏమీ తినదు, అందరం పడుకున్నాక గిన్నె ఖాళీ చేస్తోంది. కిందికి తీసుకెళ్లి ఎంతసేపు తిప్పినా మూత్రం పోయదు, పైకి రాగానే హాల్లో పోస్తుంది. మా అత్తయ్యగారు తిరిగి ఇచ్చేయమంటున్నారు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లేమో లిఫ్టు ఎక్కించవద్దంటున్నారు. మాది మూడో అంతస్తు, అమ్మాయికి ఏడేళ్లు.

సంరక్షణ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేసే సభ్యురాలు:
రాత్రి తింటోందంటే సగం దిగులు తీరినట్లే. ఆకలి ఉంది, భయం దాన్ని ఆపుతోంది. ఇన్నాళ్లూ అది మట్టి నేల మీద, తోటి కుక్కల మధ్య పెరిగింది. మీ ఇంట్లో నున్నటి టైల్స్, తల మీద తిరిగే ఫ్యాను, కుక్కర్ కూత, మిక్సీ రొద. ఇవన్నీ దానికి ఒకేసారి వచ్చిపడ్డాయి.

దాన్ని బయటికి లాగకండి. మంచం కిందే పాత దుప్పటి పరచి, దగ్గర్లో నీళ్ల గిన్నె పెట్టండి. కాసేపు ఆ గదిలో నేల మీద, దానికేసి చూడకుండా పక్కకు తిరిగి కూర్చోండి. పేపరు చదువుకోండి. మధ్యమధ్య ఉడికించిన కోడి మాంసం ముక్క ఒకటి అటు విసరండి, అంతే. పాప మంచం కిందికి దూరకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. పారిపోవడానికి దారి లేని చోట ఎంత సాధువైన కుక్క అయినా కరుస్తుంది. కుక్కను చూడటానికి వస్తామనే బంధువులను కూడా ప్రస్తుతానికి ఆపండి.

మా దగ్గర అందరికీ చెప్పే లెక్క ఒకటుంది: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. అది అంచనా మాత్రమే, గడువు కాదు.

మూత్రం సంగతి. ఇంట్లో పోసినప్పుడు ఎవరైనా కేకలు వేశారా? వేస్తే, మనుషుల ముందు పోయకూడదని దానికి అర్థమవుతుంది. అందుకే కింద మీరు గొలుసు పట్టుకుని నిలబడితే బిగబట్టుకుంటుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, రోజూ ఒకే మట్టి మూలకు తీసుకెళ్లండి. హాల్లో తుడిచిన గుడ్డను ఒకసారి ఆ మూలలో పెట్టండి, ఆ వాసనే దానికి చోటు చెబుతుంది. ఇంట్లో ఆ మరక మీద నీళ్లు కలిపిన వెనిగర్ వాడండి. ఫినాయిలు వద్దు, అది పాదాలకు అంటితే నాకుతుంది.

ఇంకొకటి, కొత్తగా తెచ్చిన కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది ఈ మొదటి రోజుల్లోనే. మెడపట్టీ ఒక్కటే అయితే వెనక్కి గుంజి తల తప్పించుకుంటుంది. ఛాతీకి పట్టీ కూడా వేయండి, మీ ఫోను నంబరున్న బిళ్ల తగిలించండి.

మరో సభ్యుడు:
ఇంత గారాబం ఎందుకండీ? మా ఊళ్లో వచ్చిన రోజే గుంజకు కట్టేసేవాళ్లం, రెండు రోజుల్లో అలవాటయ్యేది.

సభ్యురాలు:
అరవడం మానేసి ఉంటుందండీ. భయంతో బిగుసుకుపోయిన కుక్కను చూసి బుద్ధిగా ఉందనుకుంటాం.

పశువైద్యుడు:
పైవారు చెప్పినవి సరైనవే. అయినా ఈ వారంలో ఒకసారి వైద్యపరీక్ష చేయించండి. కేంద్రం నుంచి టీకా పుస్తకం అడిగి తీసుకోండి. రేబిస్ టీకా ఏటా వేయించాలి, నట్టల మందు సాధారణంగా మూడు నెలలకోసారి. కాలివేళ్ల మధ్య, చెవుల లోపల, పట్టీ కింద పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదు కుట్టిన కొన్ని వారాలకు కూడా జ్వరం బయటపడవచ్చు. రాత్రి తిండీ మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఆగవద్దు, రక్తపరీక్ష చేయించాలి. ఒళ్లు వెచ్చగా ఉందని కంగారు పడకండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయకండి.

ఎవరికైనా పన్ను గానీ గోరు గానీ గీరితే, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకు టీకా వేశారు కదా అని వదిలేయవద్దు.

విజయవాడ సభ్యురాలు:
తిండి గురించి ఎవరూ చెప్పలేదు. మిగిలిన కూర, సాంబారు అన్నంలో కలిపి పెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం, కాబట్టి ప్రసాదం కేసరి కూడా పెట్టవద్దు. ఉడికించిన ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఒట్టి పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు చాలవు, గుడ్డో మాంసమో కలపండి.

అపార్ట్‌మెంట్ సంఘంలో పనిచేసిన సభ్యుడు:
భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం చేసినా సంఘం పెంపుడు కుక్కలను నిషేధించలేదు, లిఫ్టు వద్దనలేదు. శుభ్రత పాటించమని అడగవచ్చు. ఆ మాట గొడవపడి కాకుండా ఉత్తరంలో రాసి ఇవ్వండి, నగరపాలక సంస్థ లైసెన్సు, టీకా పత్రం జత చేయండి. అయితే హక్కు ఉందని రద్దీ వేళ ఎక్కించకండి. ఆ ఇరుకు డబ్బాలో కొత్త మనుషుల మధ్య ముందు బెదిరేది మీ కుక్కే. ఖాళీ లిఫ్టులో, లేకపోతే మెట్ల మీద.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కేకలు వేసిన మాట నిజమే, అత్తయ్యగారే. ఆవిడ అసలు బాధ వేరని ఇప్పుడు తెలిసింది. పూజ గదిలోకి వస్తుందని, సంక్రాంతికి మేము ఊరెళితే తన మీద పడుతుందని. తిరిగి ఇవ్వవలసి వస్తే తీసుకుంటారా? ఇంకా, వాసన వస్తోంది, స్నానం చేయించవచ్చా?

సంరక్షణ కేంద్రం సభ్యురాలు:
పూజ గది గుమ్మానికి అడ్డంగా చిన్న చెక్క గేటు పెట్టించండి. పండక్కి ఎవరు చూసుకుంటారో ఇప్పుడే తేల్చుకోండి. వాళ్లు ముందే నాలుగుసార్లు వచ్చిపోతుండాలి. దత్తత పత్రంలో తిరిగి తీసుకునే షరతు ఉందేమో చూడండి, మా దగ్గరైతే తీసుకుంటాం. మళ్లీ వీధిలో వదిలేయడం మాత్రం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కావచ్చు. స్నానం ఇప్పుడే వద్దు. మరీ భరించలేకపోతే తడిగుడ్డతో తుడవండి, అదీ తనంతట తాను మీ దగ్గరికి వచ్చాకే.