సమస్యాపూరణం: కోడి తరుమ గ్రద్ద కొండ కెగిరె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి.

«కోడి తరుమ గ్రద్ద కొండ కెగిరె»

గద్ద కోడిపిల్లను తన్నుకుపోవడం అందరికీ తెలుసు. ఇక్కడ కథ తిరగబడింది. చదివినవాళ్ళు నమ్మేలా పూరించండి. గద్దను చంపే పూరణలు మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అదీకాక సమస్యలో గద్ద బతికే ఎగిరిపోయింది.

కోనసీమ సభ్యురాలు:

పిల్లలన్ని రెక్కఁ బెట్టి దాచి నిలిచి
మెడను జాచి యీక మేన నిక్క
ముక్కు గోళ్ళతోడ మొనసి పైకురికిన
కోడి తరుమ గ్రద్ద కొండ కెగిరె

మాస్టారూ, ఇది మా పెరట్లో చూసిందే. గద్ద నీడ నేల మీద జారగానే కోడి గొంతు సాగదీసి ఒకే ఒక్క కేక పెట్టింది. కుక్క వస్తే అలా అరవదు, ఆగకుండా కొక్కొక్కొ అని మొత్తుకుంటుంది. ఆ కేకకు పదకొండు పిల్లలూ కరివేపాకు మొక్క కిందికి దూరిపోయాయి. గద్ద కిందికి వాలేసరికి కోడి ఎదురెగిరి దాని రొమ్ము మీద తన్నింది. ఒక గోధుమరంగు ఈక మా వాకిట్లో రాలింది.

నిర్వాహకుడు:
అమ్మా, రెండో పాదం కళ్ళకు కట్టింది. కానీ రెక్క కింద పిల్లలుంటే కోడి పైకి ఎలా ఉరుకుతుంది? మీరు చూసిందే రాయండి: «పిల్లలన్ని పొదలఁ బెట్టి దాచి నిలిచి». ‘రెక్క’ అనే హగణం (గురువు, లఘువు) పోయి ‘పొదల’ అనే నగణం (మూడు లఘువులు) వచ్చింది, రెండూ సూర్యగణాలే కాబట్టి ఛందస్సు చెడదు.

భీమవరం సభ్యుడు:

ఎఱ్ఱ యీక పుంజు నెల్లరు డేగనన్
బేరు నిలుపఁ దలచి పెరటిలోన
కాలి కత్తి లేక కదనము సాగించు
కోడి తరుమ గ్రద్ద కొండ కెగిరె

మా వైపు ఎర్ర ఈకల పందెం పుంజును డేగ అంటాం. డేగ పేరున్న కోడే గద్దను తరిమింది.

నిర్వాహకుడు:
భలే! డేగ అన్న మాటతోనే సమస్య విడిపోయింది. «కాలి కత్తి లేక» అన్నచోట నాకు మనసు నిండింది. ఒక్క మాట. పుంజు ఎక్కువగా కేకవేసి హెచ్చరిస్తుంది, తిరగబడేది సాధారణంగా పిల్లల తల్లి. పందెం పుంజు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

పాలమూరు రైతు:
సార్, పద్యం రాయడం ఇదే మొదలు.

పాత వలను గట్టి పందిరిగాఁ జేసి
గంపలోనఁ బిల్లఁ దాచియుంచ
వలకుఁ దగిలి ప్రక్క వాలిన వేళను
కోడి తరుమ గ్రద్ద కొండ కెగిరె

నావి వనరాజ పిల్లలు. రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన రకం. మిషన్‌లో పొదిగిన పిల్లలు కదా, కేక వేసే తల్లి లేదు. వారంలో నాలుగు పోయాయి. పొద్దున షెడ్డు తలుపు తీయాలంటేనే టెన్షన్.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయి. రెండో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొత్తు కుదరలేదు; ‘గం’కు ‘దా’ చెల్లదు. «గంపలోనఁ బిల్లఁ గాచుచుండ» అంటే సరిపోతుంది. వల మాత్రం బిగించి కట్టు. వదులుగా ఉంటే గద్దే కాదు, పిచ్చుకలు కూడా కాళ్ళు చిక్కుకుని చస్తాయి.

కోనసీమ సభ్యురాలు:
తమ్ముడూ, మళ్ళీ పిల్లల్ని తెచ్చేటప్పుడు ఒకటి రెండు రోజుల వయసువే తీసుకో. పొదుగుకు కూర్చున్న నాటుకోడి ఉంటే చీకటి పడ్డాక మెల్లగా దాని కిందికి తోసెయ్యి. చాలా కోళ్ళు తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటాయి. పొద్దున కాసేపు దగ్గరే ఉండి చూడు, పొడిస్తే వెంటనే తీసెయ్యి.

పాలమూరు రైతు:
మా పెద్దమ్మ ఇంట్లో ఒకటి కూర్చుంది అక్కా, అడుగుతాను. సార్, «గాచుచుండ» అని దిద్దుకున్నాను.